కూర్పాసము, కుప్పసము, కుబుసము

శ్రీనాథకవిసార్వభౌముఁడు కర్ణాటరాజధాని కేఁగి, ప్రౌఢదేవరాయల దర్శనమునకై వేచియుండిన దినములలోఁ జెప్పినదిగాఁ బరంపరగా వచ్చుచున్న చాటువు నెఱుఁగని తెలుఁగుపండితుఁ డుండఁడు. తలపైఁ గుళ్లాయి యుంచితిననియు, మేన 'మహాకూర్పాసము' తొడిగితిననియు, అలవాటులేని తిండి తింటిననియు మొఱపెట్టుకొని, కన్నడరాజ్యలక్ష్మిని దయఁ జూపుమని వేఁడిన పద్యమది. పాఠశాలలో నాపద్యము చెప్పునపుడు, అమరము కొంత వల్లించిన పిల్లవాఁడొకఁడు తరగతిలో నున్నచో నొక్క చిక్కు వచ్చితీఱును. 'కూర్పాసక మనఁగా నాఁడువారి ఱవిక గదా, పంతులుగారూ! శ్రీనాథుఁ డది యేల తొడిగెను?' అని వాఁ డడుగును. తరగతి యంతయు నవ్వును.

నేనును బహుకాలము 'కవి హాస్యమునకై యన్నమాట' యని చెప్పి యాప్రశ్నను దాఁటవేసితిని. కొందఱు 'కవచ'మని చెప్పి దాఁటుదురు. ఈ రెండు సమాధానములును నిలువవు. ఆ చాటువులోని వేషమంతయు రాజసభకుఁ బోవు పురుషుని వేషము. కవి పరిహాసము వేషము తన కలవాటు లేనిదగుటచేఁ గలిగినది గాని, అది స్త్రీవేషమగుటచేఁ గలిగినది గాదు. కవచము తొడిగి కొలువునకుఁ బోవు కవి యెందును లేఁడు. కాఁబట్టి తప్పు శ్రీనాథునిది గాదు, అడిగిన పిల్లవానిదియుఁ గాదు. కూర్పాసక మాఁడువారి తొడుగే యని మనము పెట్టుకొన్న నియమముదే తప్పు. ఆ నియమ మెట్లు పుట్టెనో చూడవలెనన్నఁ బదచరిత్రమును మొదటినుండి విచారింపవలసియున్నది. పైఁట చాటున నుండెడి తొడుగును గూర్చి పండితపత్రికలో నింత చర్చ యేల యని యెవరైన ననుకొందురేమో! అమరసింహుఁడు విడువని మాటను మనము విడువనక్కఱలేదు.

అమరమునకే మొదటఁ బోవుదము. మనుష్యవర్గమున వస్త్రముల పేరులు చెప్పుచు నమరసింహుఁడు చోలశబ్దముతోఁ గూర్పాసకశబ్దమును జతచేసి, వెంటనే 'అస్త్రియామ్' అను పరిభాష నుంచెను. ఇది లింగనిర్ణయము. ఆ శబ్దము స్త్రీలింగము గాక తక్కిన రెండులింగములందును జెల్లునని తాత్పర్యము. అది స్త్రీలు ధరింపరాని వస్త్రమని దీని కర్థము గాదని మొదటితరగతి విద్యార్థికిని దెలియును. కాని యది స్త్రీలదే యనియు నాతఁడు చెప్పలేదన్న సంగతి పెద్దలమగు మనమే మఱచితిమి. ఆ వెనువెంటనే చలిగాలిని వారించు కప్పుకోలుకు 'నీశార'మని పేరు చెప్పెను. దాని పిదప నర్ధోరుకమును, చండాతకమును బేర్కొనెను. ఇవి తొడలయందు సగముదాఁక వచ్చు లోవస్త్రమునకుఁ బేరులు. అచ్చట మాత్రము 'వరస్త్రీణామ్' అని స్పష్టముగాఁ జెప్పెను. స్త్రీలకుఁ బ్రత్యేకమైన దానిని స్త్రీలదని చెప్పు నలవాటుగల గ్రంథకర్త, రెండడుగులకుముందే చెప్పిన కూర్పాసకమున కామాట చేర్చకుండుట ప్రమాదవశమునఁ గాదు. అది యుభయులకును సామాన్యమైన తొడుగని యాతని మతము. 'స్త్రీల కంచులిక' యని తర్వాతి వ్యాఖ్యాతలు చేర్చిన మాట తమ కాలపు వాడుకను బట్టి చేర్చినది. మూలమున కది యెంత దూరమో మన మిన్నాళ్లు చూడలేదు.

వ్యాఖ్యాతలే యీపదమును మోచేతికిఁ బేరగు కూర్పరశబ్దముతో ముడివెట్టిరి. మోచేతి నంటియుండునది కూర్పాసమని వారి భావము. ఇట్టి వ్యుత్పత్తులు పదము పుట్టిన చిరకాలమునకుఁ గల్పింపఁబడినవి గావచ్చును. నాకు వానియందు మిక్కిలి నమ్మకము లేదు. ఐనను వ్యుత్పత్తి కల్పితమైనను సాక్ష్యము కల్పితము గాదు. తొడుగున కాకాలమున మోచేతిదాఁకఁ జేతు లుండనిచో నెవఁడును మోచేతి నీపదములోఁ జూడఁబోఁడు.

ఇఁకఁ గావ్యములు. ఋతుసంహారమునఁ గూర్పాసకము రెండుచోటులఁ గానవచ్చును. ఒకటి హేమంతవర్ణనమున, రెండవది శిశిరవర్ణనమున. రెండుచోటులను ధరించినవారు స్త్రీలే. ఆ కావ్యము కాళిదాసకృతి యగునా కాదా యను వివాదముతో మనకిక్కడఁ బనిలేదు. గమనింపవలసిన దేమనఁగా, రెండును జలికాలములు. అదే కావ్యమున గ్రీష్మమును వర్ణించుచోట స్త్రీలు బరువైన వస్త్రములను విడిచి, వక్షస్థలమున సన్నని యుత్తరీయమును మాత్రము వైచికొందురు. అనఁగా నాకవి కాలమునఁ గూర్పాసకము నిత్యము ధరింపవలసిన లోఁదొడుగు గాదు. చలి వచ్చినపుడు తొడిగి, యెండ వచ్చినపుడు తీసివేయునది. అమరమునఁ గూర్పాసకము ప్రక్కనే చలిగాలిని వారించు నీశారము నిలుచుట యీ కావ్యసాక్ష్యముతోఁ జక్కగాఁ గలిసివచ్చుచున్నది.

పురుషులమాట బాణభట్టు చెప్పును. ఏడవ శతాబ్దివాఁడగు నాతఁడు హర్షచరితమునందలి సప్తమోచ్ఛ్వాసమున హర్షుని దండయాత్రను వర్ణించుచు, వెంట నడచు సామంతరాజుల వేషములను బేర్కొనెను. కంచుకములు తొడిగినవారు, వారబాణములు తొడిగినవారు, చీనచోలకములు తొడిగినవారు, పలురంగుల కూర్పాసకములు తొడిగినవారు వరుసగా వత్తురు. అమరుఁడు జతచేసిన చోల కూర్పాసకములు రెండును నిక్కడ యుద్ధమునకుఁ బోవు రాజుల మేనులమీఁదనే యున్నవి. ఈఘట్టమును వాసుదేవశరణ అగ్రవాలుగారు 1953లోఁ బ్రకటించిన తమ హిందీగ్రంథమున విపులముగా విమర్శించిరి. శ్రీనాథుని చాటువుపై సందేహించువారు బాణుని యీపుటను ఒక్కమాఱు చదివినఁ జాలును.

ఇచ్చట మఱియొక యపోహను దొలఁగింపవలసియున్నది. కుట్టిన బట్ట మన దేశమునకు మహమ్మదీయులతోనే వచ్చినదనియు, అంతకుముందు మనవారెల్లరు చుట్టుబట్టలతోనే యుండిరనియు నొక వాదము గలదు. ఋగ్వేదము రెండవమండలమున రాకాదేవతను స్తుతించు సూక్తమున సూదితోఁ గుట్టుట యున్నది. అమరమునఁ గుట్టుపనివానికి సౌచికుఁడు, తున్నవాయుఁడు నని రెండు పేరులున్నవి. అయిదవ శతాబ్దికిఁ జెందిన యజంతాచిత్రములలో మొదటిగుహయందు మహాజనకజాతకమును వ్రాసిన గోడమీఁద నాట్యమాడుచున్న స్త్రీ పొడవుచేతుల తొడుగు ధరించియున్నది. కుట్టుట మనకుఁ గ్రొత్తగాదు. అన్నివేళలఁ గుట్టినబట్ట ధరించుటయే క్రొత్త. ఉష్ణదేశమునఁ జుట్టుబట్టయే హాయి. దేవపూజకును శ్రాద్ధమునకును నేఁటికినిఁ జుట్టుబట్టయే విహితము.

ఐనను విజయనగరపు కొలువున నెక్కువ మార్పు వచ్చినమాట నిజము. కుళ్లాయి పారసీకపు 'కులాహ్' శబ్దమునుండి వచ్చినది. కబాయి యరబ్బీ 'కబా' శబ్దమునుండి వచ్చినది. శ్రీనాథుఁడు దర్శింపఁగోరిన ప్రౌఢదేవరాయలు 1424 మొదలు 1446 వఱకు రాజ్యమేలెను. 1443లో నాతనిఁ జూచిన పారసీకదూత అబ్దుర్రజాకు, రాజు పట్టుఅంగీ తొడిగి కూర్చుండెనని వ్రాసెను. తర్వాతి శతాబ్దమున లేపాక్షిగుడి చిత్తరువులలో రాజోద్యోగులు పొడవైన కుళ్లాయిలతోను, తెల్లని నిడుపు తొడుగులతోను వరుసగా నిలిచియున్నారు. ఈవేషము మతమునకు సంబంధించినది గాదు, కొలువుమర్యాదకు సంబంధించినదని ఫిలిప్ వాగొనర్ 1996లోఁ బ్రకటించిన వ్యాసమున నిరూపించెను. శ్రీనాథుఁడు తొడిగిన దిట్టి నిడుపు కబాయియే యని నా యభిప్రాయము. టోపిని వాడుకలోనున్న పరదేశపు పేరుతోనే చెప్పి, తొడుగునకు మాత్రము ప్రాఁతసంస్కృతపదమును దెచ్చి, అది మామూలు కూర్పాసముకంటె మిక్కిలి నిడుపైనదగుటచే ముందు 'మహా' చేర్చెను. ఆ విశేషణము వృత్తపూరణమునకుఁ బడినది గాదు. అదే యర్థమునకుఁ దాళపుచెవి.

సంస్కృతశబ్దము దెలుఁగున కెట్లు వచ్చెనో యిఁకఁ జూతము. కూర్పాసము కుప్పసమగుటలో వింత యేమియు లేదు. కర్పూరము కప్పుర మయ్యెను. ఇందు రేఫ పోయి పకారము ద్విత్వమగుటయు, రెండవ యక్షరపు దీర్ఘము హ్రస్వమగుటయు నొక్కపదముననే కానఁబడుచున్నవి. మొదటి యక్షరపు దీర్ఘము ద్విత్వమునకు ముందు హ్రస్వమగుటకుఁ జూర్ణము సున్నమగుటయు, పూర్ణిమ పున్నమ యగుటయు సాక్ష్యములు. మూఁడు మార్పులును బ్రాకృతమార్గమున నడచిన తద్భవములకు సహజములే.

ఇరుగుపొరుగు భాషలు దీనిని మఱింత గట్టిపఱుచుచున్నవి. అరవమునను మలయాళమునను దొడుగునకుఁ 'గుప్పాయ'మని పేరు. పైకిఁ జూచినచో మన కుప్పసమునకును దీనికినిఁ జుట్టఱికము దూరమని తోఁచును. కాని యాకాశశబ్దమును గైకొని చూడుఁడు. తెలుఁగున నది దీర్ఘము పోఁగొట్టుకొని యాకస మయ్యెను. అరవమున దీర్ఘమును నిలుపుకొని, శకారమును యకారముగా మార్చి యాకాయ మయ్యెను. ఆకసమున కాకాయ మెట్లో, కుప్పసమునకుఁ గుప్పాయ మట్లు. ఇంతకంటెఁ జక్కని జత దొరకుట కష్టము. ఇందుఁ గమనింపఁదగిన దర్థము. కుప్పాయము స్త్రీపురుషు లిరువురకుఁ జెల్లుచు, నేఁటికినిఁ జొక్కా యను సామాన్యార్థమున నున్నది. మనకడ సంకుచితమైన యర్థము వారికడఁ బ్రాఁతవిరివితోనే నిలిచియున్నదన్నమాట.

'దక్షిణదేశపదమే సంస్కృతమునఁ జేరి, రేఫను దగిలించుకొని, కూర్పాసమై యుండరాదా?' యని యొక యాక్షేపము రావచ్చును. అట్టి రాకపోకలు సంస్కృతద్రావిడముల నడుమఁ బెక్కు గలవు. కాని యిచ్చటఁ గుప్ప అను ధాతువునకుఁ దొడుగుట, కప్పుట యను నర్థ మేద్రావిడభాషయందును లేదు. రాశియను నర్థమిచ్చు కుప్పతో దీనిని ముడివెట్టుట బలాత్కారమే. మఱియు నాకాశమువంటి నిస్సందేహమగు సంస్కృతశబ్దముతో నింత సరిగా నడుగులు కలుపుచున్న పదమును దేశ్యమని చెప్పుటకు నాకు మనసొప్పదు.

కుప్పసమునుండి కుబుస మను రూపము గలిగినది. రెండవయక్షరపు అకారము మొదటియక్షరపు ఉకారముతో సామ్యముఁ బొందినది; ద్విత్వము సడలి పకారము సరళమైనది. కన్నడమున నీమెట్లన్నియు నొకచోటనే దొరకును. కుప్పస, కుప్పుస, కుబస, కుబుస యని యచ్చట నాలుగురూపములు గలవు. నాలుగింటికిని ఱవిక యనియే యర్థము. కావున మన కుబుసమును గుప్పసమును వేఱువేఱు పదములని శంకింపఁ బనిలేదు. పాము విడిచిన పొరకే కుబుసమని పేరైనదను సంగతి నేఁటి తెలుఁగువాని కెఱుకయే. ఆ కుబుసము తన యవ్వ తొడిగిన ఱవిక యను సంగతియే మఱపునఁ బడినది.

పాముపొరకుఁ దొడుగుపేరు వచ్చుట మనతో మొదలైనది గాదు. అమరుఁడు పాతాళవర్గమునఁ బాముపొరకుఁ గంచుకము, నిర్మోకము నని రెండు పేరులు చెప్పెను. ఆ కంచుకమే క్షత్రియవర్గమున వారబాణముతోఁ జేరి యోధుని తొడుగైనది. నాటకములలో నంతఃపురమును గాచు ముసలిబ్రాహ్మణుని మేనఁ జేరి, యాతనికిఁ గంచుకి యని పేరు దెచ్చినది. పామునకును గంచుకి యని పేరు గలదు. తొడుగు స్త్రీలదే యను నియమ మానాఁడు లేదనుట కీముసలివాఁ డొక్కఁడే చాలిన సాక్షి.

ఇందొక సూక్ష్మము గలదు. బృహదారణ్యకోపనిషత్తున జ్ఞాని విడిచిన శరీరమునకు దృష్టాంతముగాఁ బుట్టమీఁదఁ బడియున్న పాముపొర చెప్పఁబడినది. అచ్చటి పదము 'అహినిర్ల్వయని'. అందు వస్త్రభావన లేదు. ఇతిహాసములందును బాము జీర్ణమైన చర్మమును విడుచుననియే తఱుచుగాఁ జెప్పఁబడును. చర్మము కంచుకముగా మాఱినది పిదపికాలమునఁ గావలెను. ఆ యుపమ పుట్టవలెనన్నఁ జూచువాని యెదుట మేని కంటుకొని, తలవైపునుండి తిరుగఁబడుచు, ఒక్క ముక్కగా నూడివచ్చు తొడుగు నిత్యదృష్టమై యుండవలెను. చీరగాని ధోవతిగాని విప్పినపుడు మడతలుగా జాఱిపడును; అది పాము పొరను విడుచుటను దలఁపింపదు. పెదవులవద్ద మొదలిడి, లోపలివైపు వెలికిఁ దిరుగునట్లు పొరను విడుచు పామును జూచినవాఁడు బిగువైన కుట్టుతొడుగునే తలఁచును. కుట్టినబట్ట దేశమున బహుకాలము క్రిందటనే పరిచితమైనదనుటకు రాజుల వేషములకంటె నీ పాముపొరయే బలవత్తరమైన సాక్ష్యమని నేను దలఁతును. అది రాజాస్థానములఁ బుట్టిన ఫ్యాషను గాదు, పల్లెవాఁడు పుట్టగట్టునఁ జూచి పలికిన మాట.

ఉభయసామాన్యమగు తొడుగు కడకుఁ బైఁటక్రింది ఱవిక యెట్లయ్యెను? కారణము పురుషుల వేషచాపల్యమని తోఁచుచున్నది. కొలువునకుఁ బోవువాఁడు కాలమునకుఁ దగినట్లు కబాయి, అంగీ, చొక్కా, కోటు నని క్రొత్తతొడుగులను క్రొత్తపేరులతోఁ గైకొనుచు వచ్చెను. ఇంట నుండిన స్త్రీ పొట్టిదైన ప్రాఁతతొడుగును, దానితోడి ప్రాఁతపేరును నిలుపుకొనెను. ఇద్దఱకును జెందిన పదము నొకరు విడిచినప్పుడు రెండవవారికే సొంతమగును. ఇది కేవల మూహ గాదనుట కొక దృష్టాంతము మన కన్నుల యెదుటనే జరిగినది. ఇంగ్లీషున 'జాకెట్టు' ముఖ్యముగాఁ బురుషుల పొట్టికోటు. ఆ పదము తెలుఁగునకు వచ్చి యాఁడువారి ఱవికకుఁ బేరైనది. నేఁడు తెలుఁగింట జాకెట్టు తెమ్మన్నఁ గోటు నెవ్వరును దేరు. కూర్పాసమునకు వేయేండ్లు పట్టిన ప్రయాణమును జాకెట్టు కొన్ని తరములలోనే ముగించినది. దానిని వెన్నంటి 'బాడీ' వచ్చి యాజాకెట్టునకును లోపలఁ జేరినది. ఇది యింగ్లీషున మేనికిఁ బేరైన శబ్దమే. అచ్చటివా రాశబ్దపు బహువచనమునుండియే తమ స్త్రీల తొడుగునకుఁ 'బాడిస్' అను పేరు గల్పించుకొనిరి. క్రొత్తతొడుగు వచ్చినకొలఁది ప్రాఁతమాట యొక పొర లోపలికిఁ బోవుటయో, పూర్తిగా నూడిపోవుటయో జరుగుచుండును. కుప్పస మూడిపోయినది. ఱవిక 'రైక'యై పల్లెలలో నిలిచియున్నది.

కుప్పసమునకుఁ జుట్టములైన తక్కిన మాటలగతియు నిట్టిదే. కంచులికనుండి వచ్చిన కంచెల కావ్యములకే పరిమితమైనది. చోలము మనకడ నిలువలేదు గాని, మరాటీహిందీలలోఁ జోళీ, చోలీ యని నేఁటికిని జీవించియున్నది. దానిని చోళదేశముతో ముడివెట్టువారు గలరు. పేరుల పోలిక దప్ప వారియొద్ద వేఱాధారము లేదు.

కాఁబట్టి శ్రీనాథుని చాటువునకు టీక చెప్పునపుడు 'మహాకూర్పాసము: మిక్కిలి నిడుపైన పురుషుల యంగీ, కబాయి' యని వ్రాయుట యుక్తము. ప్రాచీనకావ్యములలోఁ గుప్పసము కనఁబడినచోట నెల్ల ఱవిక యని వ్రాసి పోవరాదు. తొడిగినవా రెవరో, అది యేఋతువో, పైని వేఱొక వస్త్రమున్నదో లేదో చూచి యర్థము చెప్పవలెను. నిఘంటువులు కుప్పసమునకుఁ దొలియర్థముగా 'ఉభయులు తొడుగు కుట్టుబట్ట' యనియు, రెండవదిగా 'స్త్రీల ఱవిక' యనియు, మూఁడవదిగాఁ 'బాముపొర' యనియు నిచ్చినచో విద్యార్థుల కీచిక్కు రాదు. 1949లో వెలువడిన యాంధ్రుల సాంఘికచరిత్రమున సురవరము ప్రతాపరెడ్డిగారు కావ్యములనుండి వేషవాచకములను జాలఁ బ్రోగుచేసిరి. ఆ ప్రోవును గాలక్రమమునఁ బేర్చి, పురుషప్రయోగములను స్త్రీప్రయోగములను వేఱుపఱచి చూడవలసిన పని మిగిలియున్నది. యువపండితు లెవరైన దానికిఁ బూనుకొనవచ్చును.

తెలుఁగునఁ బాముపాలైన యీపదము కర్ణాటకపు టుత్తరభాగమున శుభకార్యమై నిలిచియున్నది. అచ్చట తొలిచూలాలికిఁ బుట్టినింటివారు చీరయు ఱవికగుడ్డయుఁ దెచ్చి చేయు వేడుకను నేఁటికిని 'కుబస' మందురు. మనకడ ముత్తైదువకుఁ బసుపు కుంకుమలతోఁ గుట్టని ఱవికగుడ్డ నిచ్చు నాచారమే యున్నది గాని పేరు లేదు. అచ్చట గుడ్డయు వేడుకయు నొక్కమాటలోనే యిమిడియున్నవి. ఆ ప్రాంతపు కోడలు మన సరిహద్దుపల్లెకు వచ్చి 'మాయింట రేపు కుబసము' అన్నప్పుడు, మనవా రెవరైనఁ బామెక్కడ నని వెదకుచుఁ జూరువైపు చూచినచో నామె తప్పుగాదు.